ఆరుతూ బిగిసిన ఇల్లు

కలప కొనేవాళ్లు ముందుగా చూసేది అది బాగా ఆరిందా లేదా అని. పచ్చి చెక్కతో చేసిన తలుపు ఎండలు ముదిరేసరికి వంకర తిరుగుతుందని ఎవరికైనా తెలుసు. అయితే ఇంగ్లండ్‌లో ఐదారు వందల ఏళ్లుగా నిలిచి ఉన్న పాత రైతు ఇళ్లు చాలావరకు పచ్చి ఓక్ దుంగలతోనే కట్టినవి. చెట్టు కొట్టిన కొన్ని నెలలకే, లోపల నీరు ఉండగానే, వడ్రంగులు దుంగలను చెక్కి, తొలిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, కొయ్య మేకులు దిగ్గొట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇల్లు ఆరింది. ఆరుతూ కుదించుకుంది, బీటలు వారింది, కాస్త ఒరిగింది, చివరికి తన స్థితిలో కుదురుకుంది.

ఆ వడ్రంగులు ఇదంతా తెలిసే చేశారు. ఏ దుంగ ఎటువైపు కుదించుకుంటుందో, ఎక్కడ పగులుతుందో ముందే లెక్క వేసుకుని ఇంటి చట్రాన్ని రూపొందించారు. ఆ లెక్క అర్థమైతే ఇల్లంతా అర్థమవుతుంది. దాన్ని ఒక అసలైన ఇంటిలో చూద్దాం.

దాని పేరు బేలీఫ్ ఫార్మ్‌హౌస్. ఆగ్నేయ ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో, చిడింగ్‌స్టోన్ అనే ఊరి పరిధిలో ఉండేది. ఇంటి నడిమి భాగం, ఒక చివరి భాగం 1405–1430 మధ్య కట్టినవి. రెండో చివరి భాగాన్ని 1505–1510 మధ్య కట్టారు. 1960ల చివర్లో ఆ ప్రాంతంలో బౌ బీచ్ జలాశయం కడుతున్నప్పుడు ఇంటిని ముక్కముక్కగా విప్పి, ససెక్స్ కౌంటీలో సింగిల్టన్ దగ్గరున్న వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ ఆరుబయలు మ్యూజియానికి తరలించి, మళ్లీ నిలబెట్టారు. ఆరు వందల ఏళ్ల నాటి ఇంటిని విప్పి మళ్లీ బిగించడం ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు జవాబు దాని అతుకుల్లోనే ఉంది.

పచ్చి ఓక్ గుణం

ఓక్ ఎండితే ఇనుములా గట్టిపడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఉలికి, బాడిసకు, గొడ్డలికి సులువుగా లొంగుతుంది. యంత్రాలు లేని కాలంలో ఒక్కో ఇంటికి వందల అతుకులు చేత్తో తొలవాలి కాబట్టి, పచ్చి కలపను వాడడానికి ఈ ఒక్క కారణమే చాలు. మరో కారణం కాలం. మందపాటి ఓక్ దుంగ సుమారు 25 మిల్లీమీటర్ల మందానికి ఏడాది చొప్పున ఆరుతుందని వడ్రంగుల మోటు లెక్క. ఆ లెక్కన ఒక పెద్ద స్తంభం ఆరడానికి పదేళ్లదాకా పడుతుంది. ఇల్లు కావలసిన రైతు అన్నాళ్లు ఆగలేడు.

అప్పుడే కొట్టిన ఓక్‌లో చాలా నీరు ఉంటుంది. పొడి చెక్క బరువుతో పోలిస్తే ఆ నీటి బరువు తరచు 60 నుంచి 90 శాతం. ఈ నీరు రెండు చోట్ల ఉంటుంది. కొంత కణాల లోపలి ఖాళీల్లో, మిగతాది కణాల గోడల్లోనే ఇంకి ఉంటుంది. మొదట ఖాళీల్లోని నీరు పోతుంది. అప్పుడు దుంగ బరువు తగ్గుతుందే తప్ప పరిమాణం మారదు. తేమ 30 శాతం దగ్గరికి దిగాక కణాల గోడల్లోని నీరు బయటికి రావడం మొదలవుతుంది. కుదించుకోవడం అప్పుడు మొదలవుతుంది.

ఈ కుదింపు అన్ని వైపులా సమానంగా ఉండదు. చెక్కకు బలమిచ్చే సెల్యులోజ్ పోగులు దాదాపుగా చెట్టు నిలువు వెంట సాగుతాయి. వాటి మధ్య నుంచి నీరు పోయినప్పుడు పోగులు ఒకదానికొకటి దగ్గరవుతాయి, పొడవు మాత్రం తగ్గవు. అందుకే 300 మిల్లీమీటర్ల వెడల్పున్న దూలం ఆరేసరికి ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా సన్నబడవచ్చు. అదే ఆరు మీటర్ల దూలం పొడవులో కోల్పోయేది కొద్ది మిల్లీమీటర్లే. స్తంభం లావు మారినా ఎత్తు మారదు, దూలం మందం మారినా రెండు గోడల మధ్య దూరం మారదు. చట్రం మొత్తం కొలతలు దుంగల పొడవు మీదే ఆధారపడతాయి కనుక, పచ్చి కలపతో కట్టినా ఇంటి ఆకారం చెదరదు.

వెడల్పులోనూ తేడా ఉంది. మధ్య నుంచి బెరడు వైపు ఎంత కుదించుకుంటుందో, వలయాల చుట్టు వెంట దానికి దాదాపు రెండింతలు కుదించుకుంటుంది. నడిమి మూలగను లోపలే ఉంచి నలుచదరంగా చెక్కిన దుంగ ఈ తేడాను తట్టుకోలేక నిలువునా పగులుతుంది. పాత ఇళ్ల దూలాల మీద కనిపించే పొడవాటి బీటలు చూసి కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు కంగారుపడుతుంటారు. సాధారణంగా ఆ బీటలు దుంగ పొడవు వెంటే సాగుతాయి, బరువు మోసే పోగులు తెగవు. కాబట్టి దూలం బలం పెద్దగా తగ్గదు.

పచ్చి ఓక్‌కు మరో సుగుణం వంగడం. బేలీఫ్ ఉన్న మ్యూజియంలోనే 2002లో పూర్తయిన గ్రిడ్‌షెల్ భవనం ఈ గుణం మీదే నిలిచింది. ఎడ్వర్డ్ కల్లినన్ సంస్థ దాని వాస్తుశిల్పులు, బ్యూరో హాపోల్డ్ సంస్థ ఇంజినీర్లు. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 35 మిల్లీమీటర్ల మందం ఉన్న పచ్చి ఓక్ బద్దలను ఎత్తైన పరంజా మీద వలలా పరిచారు. పరంజాను అంచుల నుంచి నెమ్మదిగా దించుతూ ఆ వలను సుమారు 50 మీటర్ల పొడవైన వంపుల కప్పుగా మలిచారు. ఎండిన ఓక్ బద్దలైతే ఆ వంపుకు విరిగిపోయేవి.

మేకు దిగే రంధ్రం

ఇంగ్లిష్ కొయ్య చట్రంలో ముఖ్యమైన అతుకు అందరికీ తెలిసినదే. ఒక దుంగ కొసను నాలుకలా సన్నగా చెక్కుతారు. రెండో దుంగలో దానికి సరిపడే గుంట తొలుస్తారు. నాలుకను గుంటలో దూర్చి, రెండింటినీ కలిపి అడ్డంగా కొయ్య మేకు దిగ్గొడతారు. ఇనుప మేకు ఇక్కడ పనికిరాదు. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. తడి ఓక్‌లో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, చుట్టూ చెక్క నల్లగా మారుతుంది.

వడ్రంగి నేర్పంతా మేకు రంధ్రం వేయడంలో ఉంది. గుంట ఉన్న దుంగకు, నాలుకకు రంధ్రాలు విడివిడిగా వేస్తారు. నాలుకలోని రంధ్రాన్ని కొద్ది మిల్లీమీటర్లు మొదలు వైపు జరిపి వేస్తారు. బయటి నుంచి చూస్తే రెండు రంధ్రాలూ సరిగ్గా ఎదురెదురుగా ఉండవు. కొస సన్నగా చెక్కిన ఎండు ఓక్ మేకును సుత్తితో కొడితే, అది వంగి రెండు రంధ్రాల గుండా దూరుతూ నాలుకను గుంటలోకి ఇంకా లోపలికి లాగుతుంది. చుట్టూ ఉన్న పచ్చి చెక్క ఆరి కుదించుకుంటున్నప్పుడు కూడా అప్పటికే ఎండిన మేకు ఆ లాగుడును వదలదు. ఇల్లు ఆరేకొద్దీ అతుకు వదులు కాకుండా ఆపేది ఈ చిన్న ఎడమే. విప్పాలంటే మేకును వెనక నుంచి కొట్టి తీసేస్తే సరిపోతుంది. జిగురు, ఇనుము లేకపోవడంవల్లే బేలీఫ్‌ను విప్పి మరో కౌంటీలో మళ్లీ బిగించగలిగారు.

అన్నిటికంటే కష్టమైన అతుకు స్తంభం తల దగ్గర వస్తుంది. అక్కడ మూడు దుంగలు కలుస్తాయి: స్తంభం, గోడ నెత్తిన పొడవునా సాగే గోడదూలం, ఇంటికి అడ్డంగా రెండు గోడలనూ కలిపే అడ్డదూలం. కప్పు వాసాలు గోడలను నిరంతరం బయటికి నెడుతుంటాయి. అడ్డదూలం వాటిని లోపలికి పట్టి ఉంచాలి. అందుకు అడ్డదూలం అడుగును పావురం తోక ఆకారంలో, కొస వెడల్పుగా చెక్కి గోడదూలం మీద కూర్చోబెడతారు. కానీ పచ్చి చెక్క వెడల్పులో కుదించుకుంటుంది, కాబట్టి ఆ తోక కూడా సన్నబడి కాస్త వదులవుతుంది. దీనికి విరుగుడుగా వడ్రంగులు స్తంభం తలను లావుగా ఉంచి, దానికి రెండు నాలుకలు చెక్కారు. ఒకటి గోడదూలంలోకి, మరొకటి నేరుగా అడ్డదూలంలోకి దిగుతుంది. తోక వదులైనా రెండో నాలుక పట్టు తప్పదు. తల దగ్గర ఆ లావు రావాలంటే చెట్టును తలకిందులుగా నిలబెట్టాలి. వేరు దగ్గర సహజంగా ఉబ్బి ఉండే మొదలు భాగం స్తంభానికి తల అవుతుంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి పాత ఇళ్ల స్తంభాలు చాలావరకు అలా తలకిందులుగా నిలిచిన చెట్లే.

ఈ పనంతా ఇల్లు కట్టే చోట కాకుండా వడ్రంగి ఆవరణలోనే జరిగేది. గోడ చట్రాన్ని నేల మీద పరిచి, ఒక్కో వంకర దుంగకు తగ్గట్టు ఒక్కో అతుకును గీసి తొలిచేవారు. ఒక అతుకు మరొక చోట సరిపోదు కనుక ప్రతి జతకూ రోమన్ అంకెలతో గుర్తు చెక్కేవారు. నాలుగును నాలుగు నిలువు గీతలుగానే చెక్కేవారు, ఎందుకంటే కుదించి రాస్తే తలకిందులుగా చూసినప్పుడు ఆరుతో పొరబడే ప్రమాదం ఉంది. తర్వాత అన్నీ విప్పి, బండ్ల మీద చేరవేసి, మనుషులు, తాళ్లు, పొడవాటి కర్రల సాయంతో చట్రాన్ని పైకెత్తేవారు. ఈ గుర్తులు ఇవాళ పరిశోధకులకు ఎంతో విలువైనవి. వరసలో ఒక అంకె లేకపోతే, ఇంట్లో ఎక్కడో ఒక భాగం తర్వాతి కాలంలో పోయిందని అర్థం.

అంకణాల్లో బతుకు

రెండు జతల స్తంభాల మధ్య జాగా ఒక అంకణం. బేలీఫ్ నాలుగు అంకణాల ఇల్లు. మధ్యలోని రెండు అంకణాలు కలిసి ఒకే పెద్ద చావడి. దానికి మేడ లేదు, నేల నుంచి కప్పు దాకా అంతా ఖాళీయే. చావడికి ఒక వైపు అంకణంలో కింద సరుకుల గదులు, ఒకటి పానీయాలకు, ఒకటి రొట్టెకు. రెండో వైపు అంకణంలో కింద యజమాని కూర్చునే గది, పైన పడక గది. ఇంటిని అడ్డంగా దాటే నడవ చావడికి, సరుకుల గదులకు మధ్య సాగుతుంది.

చివరి అంకణాల పై అంతస్తు ముందుకు పొడుచుకుని ఉంటుంది. చావడికి పై అంతస్తు లేదు కనుక దాని గోడ వెనక్కి ఉంటుంది. అయినా ఇంటి మొత్తానికి ఒకే కప్పు, ఒకే చూరు. అందుకే చావడి ముందు చూరు గోడను దాటి గాలిలో నిలుస్తుంది. దాన్ని రెండు వంపు ఊతలు మోస్తాయి. ఈ రూపాన్ని వీల్డెన్ ఇల్లు అంటారు. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్లు వందల సంఖ్యలో మిగిలాయి. పల్లెలో స్థలానికి కొదవ లేదు, అయినా పై అంతస్తును ముందుకు తోసి కట్టారంటే అందులో హోదా చూపించుకోవాలన్న కోరిక కూడా ఉందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

ఇలాంటి ఇల్లు రైతుకు ఎలా సాధ్యమైంది? 1348–49లో వచ్చిన ప్లేగు ఇంగ్లండ్ జనాభాలో దాదాపు సగాన్ని బలితీసుకుంది. బతికినవాళ్లకు భూమి దొరకడం సులువైంది, కూలి పెరిగింది. తర్వాతి రెండు మూడు తరాల్లో కొందరు రైతులు మంచి వడ్రంగిని పెట్టుకునే స్థితికి వచ్చారు. పేద రైతులు గుడిసెల్లోనే బతికారని, అవి తరానికొకసారి కూలిపోయేవని చాలాకాలం అనుకున్నారు. నాట్ ఆల్కాక్, డాన్ మైల్స్ మధ్య ఇంగ్లండ్‌లోని సాధారణ రైతుల ఇళ్ల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ అభిప్రాయాన్ని మార్చింది. ఆ ప్రాంతంలో గోడ చట్రానికి బదులుగా, నేల నుంచి కప్పు శిఖరం దాకా వంగి సాగే జంట దుంగలతో కట్టిన ఇళ్లు ఎక్కువ. అవి కూడా పనితనం తెలిసిన వడ్రంగుల చేతిలో రూపుదిద్దుకున్నవే.

గోడ, గాలి, తేమ

చట్రం బరువంతా మోస్తుంది. దుంగల మధ్య ఖాళీలను నింపే గోడ గాలిని, వానను ఆపితే చాలు. ఓక్ బద్దలను నిలువుగా బిగించి, వాటి చుట్టూ హేజెల్ చెట్టు సన్న కొమ్మలను అల్లేవారు. దానిమీద బంకమట్టి, గడ్డి, పశువుల పేడ కలిపి రెండు వైపులా మెత్తేవారు. మన పల్లెల్లో తడిక గోడకు మట్టి మెత్తి, పేడతో అలికే పద్ధతి తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. దానిపైన సున్నం వేసేవారు. ఈ గోడ చట్రంతో పాటు కదులుతుంది. దుంగ కుదించుకుంటే అంచులో సన్నని సందు వస్తుంది, ఆ సందులో మళ్లీ మట్టి పెడతారు. వానకు తడిసిన గోడ ఎండకు ఆరుతుంది. లోపలి తేమ మట్టి, సున్నం గుండా బయటికి పోతుంది.

దుంగలు నేలను తాకకూడదు. అంతకు ముందు శతాబ్దాల్లో స్తంభాలను నేలలో పాతేవారు, కొన్ని దశాబ్దాల్లోనే అడుగు కుళ్లేది. తర్వాతి కాలంలో రాతితోనో ఇటుకతోనో పొట్టి గోడ కట్టి, దానిమీద అడుగు దూలాన్ని పరిచి, స్తంభాలను ఆ దూలంలో నిలబెట్టారు. ఇంటి ఆయుష్షును తరాల నుంచి శతాబ్దాలకు పెంచిన మార్పు ఇదే.

తెల్ల గోడలు, నల్ల దుంగలు ఇంగ్లిష్ పల్లెకు గుర్తుగా ప్రచారంలో ఉన్నాయి. ఆ నలుపు చాలాచోట్ల పంతొమ్మిదో శతాబ్దంలో పూసిన రంగు. కెంట్, ససెక్స్ ఇళ్లలో ఓక్‌ను అలాగే వదిలేసేవారు, లేదా గోడతో కలిపి సున్నం కొట్టేవారు. వదిలేసిన ఓక్ ఎండకు, వానకు వెండి బూడిద రంగులోకి వస్తుంది.

పొగ రాసిన సాక్ష్యం

బేలీఫ్ చావడికి మొదట పొగగొట్టం లేదు. చావడి నేల మీద నెగడు మండేది. పొగ కప్పు దాకా లేచి, పెంకుల సందుల్లోంచి, అద్దాలు లేని కిటికీల్లోంచి బయటికి పోయేది. వంద, రెండు వందల ఏళ్లు ఇలా పొగ తాకిన వాసాల మీద నల్లని మసి పేరుకుంది. ఇంగ్లండ్‌లో ఏ పాత ఇంటికైనా అటక ఎక్కి చూసే పరిశోధకుడు మొదట వెతికేది ఆ మసినే. కింద మేడ, పొగగొట్టం, గదులు ఉన్నా, పై వాసాలు పొగచూరి ఉంటే ఆ ఇల్లు ఒకప్పుడు తెరిచి ఉన్న చావడి అని తేలుతుంది. మసి ఒక్క అంకణానికే పరిమితమైతే, ఆ ఇంట్లో నెగడును ఒక మూలకు మార్చిన మధ్య దశ ఒకటి నడిచిందని అర్థం.

పదహారో శతాబ్దంలో ఇటుక పొగగొట్టాలు వ్యాపించాయి. పొగ ఒక గొట్టంలోకి వెళ్లడంతో చావడికి మేడ వేయడం వీలైంది, ఇంట్లో గదులు పెరిగాయి. తమ కాలంలో పొగగొట్టాలు విపరీతంగా పెరిగాయని తన ఊరి వృద్ధులు చెప్పుకునేవారని విలియం హారిసన్ 1577లో వచ్చిన తన ఇంగ్లండ్ వర్ణనలో నమోదు చేశాడు. చరిత్రకారుడు డబ్ల్యూ. జి. హాస్కిన్స్ 1953లో ఈ మార్పును 1570–1640 మధ్య జరిగిన మహా పునర్నిర్మాణంగా వర్ణించాడు. ప్రాంతాన్ని బట్టి ఈ కాలం ముందుకో వెనక్కో జరుగుతుందని తర్వాతి పరిశోధన చూపింది.

ఖాళీ గుంటలు కూడా సాక్ష్యమే. గోడదూలం అడుగున వరసగా చిన్న గుంటలు కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు కొయ్య కమ్మీల కిటికీ ఉండేదని అర్థం. ఇలాంటి ఖాళీ గుంటలు, వంపు దుంగలు చూసి ఇవి పాత ఓడల కలప అని చాలా ఊళ్లలో చెప్పుకుంటారు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు బరువైన దుంగలను ఎద్దుబండ్ల మీద చేర్చే ఖర్చుకు, పక్క అడవిలోని చెట్టును కొట్టే ఖర్చుకు పొంతన లేదు. ఆ గుంటలు ఎక్కువగా అదే ఇంట్లో తీసేసిన గోడలవో, కూల్చిన మరో ఇంటి దుంగలవో అవుతాయి.

వలయాల లెక్క, అడవి లెక్క

ఇంటి వయసు ఎలా తెలుస్తుంది? ఓక్ ఏడాదికి ఒక వలయం వేస్తుంది. వానలు బాగా కురిసిన ఏడాది వెడల్పుగా, కరువు ఏడాది సన్నగా ఉంటుంది. దుంగలో సన్నని రంధ్రం వేసి తీసిన ముక్కలో ఈ వెడల్పుల వరసను కొలిచి, తేదీలు తెలిసిన పాత వరసలతో పోలుస్తారు. చేవ చుట్టూ ఉండే బయటి లేత చెక్క ఇందులో కీలకం. దక్షిణ ఇంగ్లండ్ ఓక్‌లో ఆ లేత చెక్కకు సాధారణంగా 9 నుంచి 41 వలయాల వరకు ఉంటాయి. అది కొంత మిగిలినా, చెట్టు కొట్టిన కాలాన్ని ఒక పరిధిలో చెప్పవచ్చు. బెరడు అంచు దాకా చెక్క ఉంటే కొట్టిన ఏడాదే కాక రుతువు కూడా తెలుస్తుంది. ఇళ్లను పచ్చి కలపతో కట్టారు కనుక చెట్టు కొట్టిన తేదీయే దాదాపుగా ఇల్లు కట్టిన తేదీ. ఆరబెట్టిన కలపతో కట్టి ఉంటే ఈ శాస్త్రానికి ఇంత ఖచ్చితత్వం వచ్చేది కాదు.

ఇన్ని ఇళ్లకు సరిపడా కలప కోసం అడవులు తుడిచిపెట్టుకుపోయాయనే ఊహ సహజమే. వృక్షశాస్త్రవేత్త ఆలివర్ రాకమ్ సఫోక్ కౌంటీలోని ఒక రైతు ఇంటి దుంగలన్నీ లెక్కపెట్టి, దానికి సుమారు 330 చెట్లు పట్టాయని చూపాడు. అవి చాలావరకు సన్నని, వయసు తక్కువ చెట్లు. వడ్రంగులు పెద్ద చెట్టును కోసి పలకలు తీయడం కన్నా, దుంగకు ఒక చెట్టు చొప్పున సరిపోయే లావు చూసి ఎంచుకునేవారు. ఆ అడవులు రెండు అంతస్తులుగా పెరిగేవి. కింద హేజెల్ లాంటి చెట్లను కొన్నేళ్లకొకసారి మొదలుదాకా నరికితే మళ్లీ చిగిర్చేవి. గోడల అల్లికకు, వంటచెరకుకు అవే ఆధారం. వాటి మధ్య అక్కడక్కడ ఓక్ చెట్లను దూలాల కోసం పెరగనిచ్చేవారు. కొట్టిన చోట మళ్లీ పెరిగేలా చూసుకున్న అడవి అది.

మరమ్మతు తెలివి

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఇళ్లకు పెద్ద హాని సిమెంటు వల్ల జరిగింది. బీటల్లోంచి గాలి వస్తోందని గోడల మీద సిమెంటు పూశారు. దుంగ కదులుతుంది, సిమెంటు కదలదు. అంచుల్లో వెంట్రుకవాసి పగుళ్లు పడి, అందులోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. మట్టి గోడలో అయితే అది తిరిగి ఆరిపోయేది. సిమెంటు వెనక అది బయటికి పోయే దారి లేక దుంగను కుళ్లబెడుతుంది. తడిసి కుళ్లిన ఓక్‌లో డెత్‌వాచ్ బీటిల్ అనే పురుగు చేరుతుంది.

విలియం మోరిస్ 1877లో స్థాపించిన పురాతన భవన పరిరక్షణ సంఘం ఇవాళ్టికీ ఇలాంటి ఇళ్ల విషయంలో నిజాయితీ గల మరమ్మతును బోధిస్తోంది. సిమెంటు తీసి సున్నం వేయాలి. స్తంభం అడుగు కుళ్లితే ఆ భాగాన్ని మాత్రమే కోసి, అదే జాతి ఓక్‌తో కొత్త కాలును అతకాలి. కొత్త ముక్కను పాతదానిలా కనిపించేలా దాచాల్సిన అవసరం లేదు. ఈ పద్ధతి సాధ్యమయ్యేది చట్రంలో ప్రతి దుంగా విడిగా విప్పగలిగినది కనుకనే. 1992 మంటల్లో కాలిన విండ్సర్ కోటలోని సెయింట్ జార్జ్ హాలు కప్పును పచ్చి ఓక్‌తోనే కొత్తగా కట్టారు. లండన్‌లో 1997లో తెరిచిన షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాల చట్రం కూడా పచ్చి ఓక్‌దే. ఈ పనులు చేసిన వడ్రంగులు పాత అతుకులను చదివి నేర్చుకున్నారు. ఒక పదార్థం కాలంతో పాటు ఎలా మారుతుందో ముందుగా తెలుసుకుని, ఆ మార్పుకు చోటిచ్చి కట్టడమే బేలీఫ్ లాంటి ఇళ్లు నేర్పే పాఠం. మారని పదార్థం ఏదీ లేదు కాబట్టి, సిమెంటుతో, ఉక్కుతో కట్టే ఇవాళ్టి ఇంజినీరుకు కూడా ఆ పాఠం అంతే అవసరం.